ఆ యింట ముందెవరుండిరి?

మన పాఠశాల వార్షికసంచిక కేదైన వ్రాసి పంపుమని సంపాదకవర్గమువారు కోరిరి. ఇరువదియైదేండ్ల క్రిందట నీ పాఠశాల బల్లలమీఁదఁ గూర్చుండి చదివినవాఁడను గావున వారి కోరికను ద్రోసిపుచ్చలేకపోయితిని. నేనిప్పుడు పోర్చుగల్లు దేశపు రాజధానియైన లిస్బనునందు నివసించుచు, హైదరాబాదులోని యొక సంస్థకుఁ బని చేయుచున్నాను. ఈ వాక్యమును జదివినతోడనే చిన్న తరగతుల విద్యార్థులు "మనిషి యొకచోటను, ఉద్యోగ మింకొకచోటను నెట్లుండును?" అని యడుగవచ్చును. మా భూగోళశాస్త్రోపాధ్యాయులును నట్లే యడిగియుందురు. వారు గోడమీఁది పటమును బెత్తముతోఁ జూపి, "ఇది యైరోపాఖండమునకుఁ బడమటి గుమ్మము. వాస్కో డ గామా 1497వ సంవత్సరమున నిచ్చటనుండియే యోడలు నడపుకొని మఱుసటి యేఁడు మన పడమటి తీరమునకు వచ్చెను" అని చెప్పుట నాకింకను జ్ఞాపకమున్నది. ఆయన వచ్చిన దిక్కునకే నేను పోయితిని. పోయిన విధము మాత్రము వేఱు. ఆ విధమును గూర్చియు, దానివలన నేను నేర్చికొన్న యొక పాఠమును గూర్చియు నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పూర్వము మన కోస్తా జిల్లాలవారు కోరంగి, కాకినాడ, విశాఖపట్టణపు రేవులలో నోడలెక్కి కూలికై రంగూనునకుఁ బోయిరి. మఱికొందఱు ఒడంబడిక కూలీలై మారిషసునకును నేటాలునకును బోయిరి. పని యున్నచోటికి మనిషి పోవలసియుండెను. పిదప మన యింజనీర్లు అమెరికా పోవుటయు నట్టిదే. 2020వ సంవత్సరమునఁ గోవిడు వ్యాధి లోకమునంతను ఇండ్లలో నిర్బంధించినపుడు, కంప్యూటరుమీఁద జరుగు పనులనేకము లింటినుండియే చేయవచ్చునని యజమానులకును బనివారికిని రుజువైనది. పని యింటినుండి చేయఁదగినదైనచో, ఆ యిల్లు వేఱొక దేశమున నేల యుండరాదను ప్రశ్న పుట్టినది. యాత్రికులు రాక యాదాయము పడిపోయిన దేశములు కొన్ని యా ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పినవి. బార్బడోసు ద్వీపము 2020 జూలైలోను, ఎస్తోనియా యా యేఁటి ఆగస్టులోను దూరమునుండి పని చేయువారికై ప్రత్యేకమైన వీసాలు మొదలిడినవి. పోర్చుగల్లు 2022 అక్టోబరు 30వ తేదీనుండి యట్టి యర్జీలను దీసికొనసాగెను. స్పెయిను దేశ మా డిసెంబరులోఁ జట్టము చేసెను.

ఈ వీసాయొక్క తత్త్వము మిక్కిలి సులభము. వచ్చువాఁడు స్థానికుల యుద్యోగములలో వ్రేలు పెట్టఁగూడదు. అతని జీతము పై దేశమునుండి రావలెను. ఆ జీతము నాతఁడీ దేశమునఁ బెట్టుబడిగాఁ గాక, తిండికి, అద్దెకు, బట్టకు వ్యయము చేయును. పండ్రెండు నెలలలో 183 దినములకు మించి నివసించినచో నీ దేశపు పన్నులకు బద్ధుఁడగును. ఇఁక నతఁడు దేశమునకు భారము కాకుండుటకై పోర్చుగల్లు ప్రభుత్వమువా రొక మెట్టు నేర్పఱచిరి. అర్జీదారుని సగటు నెలసరి యాదాయము, ఆ దేశపుఁ గనీసవేతనమునకు నాలుగింత లుండవలెను. నేను బయలుదేరిన 2023వ సంవత్సరమునఁ గనీసవేతనము నెలకు 760 యూరోలు. నాలుగింతలనఁగా 3,040 యూరోలు, నాఁటి మారకమున సుమారు 2 లక్షల 70 వేల రూపాయలు. 2025లోఁ గనీసవేతనము 870 యూరోలైనందున నీ మెట్టు 3,480కి లేచినది. నా జీత మా మెట్టును గొంచెము దాఁటియుండెను. ఈ "నాలుగింతలు" అను మాటను నేనప్పుడు పరీక్షలోఁ గృతార్థుఁడగుటకుఁ గావలసిన మార్కులవలెనే చూచితిని. అందు మఱియొక యర్థము గలదని తెలియుటకు నాకుఁ గొన్ని నెలలు పట్టినది.

కాగితముల కథ పొడిగింపను. పాసుపోర్టు కార్యాలయమునుండి నాపై నేరములు లేవను ధ్రువపత్రము, మూఁడునెలల జీతపుఁ జీట్లు, బ్యాంకు లెక్కలు, దూరమునుండి పని చేయుటకు మా సంస్థవా రిచ్చిన యనుమతి, లిస్బనులో వసతి గలదను దాఖలా, వైద్యపు భీమా, ఇవి యన్నియుఁ గట్టగట్టి యిచ్చితిని. మొదట దొరకు నివాసవీసా నాలుగు నెలల గడువు గలది. ఆ లోపల నచ్చటి కార్యాలయమున వ్రేలిముద్రలిచ్చి నివాసానుమతిని బొందవలెను. ఆ యనుమతి రెండేండ్లు చెల్లును. పిదప మూఁడేండ్లకుఁ బునరుద్ధరింతురు.

2023 మే నెలలో లిస్బను చేరితిని. ఆ పట్టణము తేజు నది సముద్రమునఁ గలియుచోటికి సమీపమునఁ గొండలమీఁదఁ గట్టఁబడినది. నడచు బాటలకుఁ దెల్లని చిన్న చిన్న సున్నపుఱాళ్ళు పఱతురు. వాన కురిసినచో నవి పాచిపట్టిన మెట్లవలె జాఱును. ఇండ్ల ముఖములకు రంగురంగుల పింగాణి పలకలు పొదుగుదురు. గ్రాసా యను పేటలో, 28వ నంబరు ట్రాముబండి మెలికలు తిరుగుచు నెక్కు కొండమీఁద, నాకొక పాత మేడలో మూఁడవ యంతస్తున నొక వాటా దొరకినది. రెండు గదులు, ఒక వంటయిల్లు, నదివైపునకుఁ దెఱచుకొను కిటికీ. అద్దె నెలకు 1,100 యూరోలు. నా జీతములో మూఁడవవంతు. రాజధానీనగరమున నింత చవుకగా నిల్లు దొరకినదని హైదరాబాదులోని మిత్రులకు గొప్పగా వ్రాసికొంటిని.

ఆ రాత్రి గుంటూరులోనున్న మా యమ్మతో ఫోనులో మాటలాడితిని. నీళ్ళు వచ్చునా, పొయ్యి యెట్టిది, బియ్యము దొరకునా యని యడిగిన పిమ్మట, "నాయనా, ఆ యింట నీకు ముందెవరుండిరి? వారికిఁ గలసివచ్చినదా?" అని ప్రశ్నించెను. మన యూళ్ళలో నద్దెయిల్లు చూచునపుడు పెద్దలీ మాట యడుగక మానరు గదా! ముందున్నవారు పిల్లల పెండ్లిండ్లు చేసి వెళ్ళిరా, సొంతయిల్లు కట్టుకొని వెళ్ళిరా, లేక కష్టముల పాలై వెళ్ళిరా యని విచారింతురు. నేను నవ్వి, "అమ్మా, ఇది విదేశము. ఇచ్చట నట్టివెవ్వరు నడుగరు" అంటిని. "ఇల్లెచ్చటనైన నిల్లే గదా" యని యామె యూరకుండెను.

ముందున్నవారి గుఱుతు ఆ యింట లేకపోలేదు. యజమాని గోడలకన్నిఁటికిఁ గ్రొత్తగా రంగు వేయించెను గాని, వంటయింటి ద్వారబంధమునొకదానిని మఱచిపోయెను. దానిమీఁదఁ బెన్సిలుతో గీచిన గీట్లారు గలవు. ఒకదానిపై నొకటిగా నుండెను. ఒక్కొక్క గీటు ప్రక్క నొక్కొక్క సంవత్సరము, 2017 మొదలు 2022 వఱకు, వ్రాయఁబడియుండెను. ఎవరో పిల్లవాని యెత్తు గొలిచిరని గ్రహించి, అంతటితో వదలివేసితిని.

నా దినచర్య వింతగా నుండెను. హైదరాబాదులో మా కార్యాలయము తొమ్మిదిన్నర గంటలకుఁ దెఱతురు. లిస్బను గడియారము వేసవిలో మనకంటె నాలుగున్నర గంటలు, శీతకాలమున నైదున్నర గంటలు వెనుక నుండును. కావున వేసవిలో వేకువ నైదుగంటలకును, చలికాలమున నాలుగుగంటలకును దీపము వెలిగించి పనికిఁ గూర్చుండెడివాఁడను. మధ్యాహ్న మొంటిగంటకో రెంటికో పని ముగిసెడిది. మాట్లాడునది తెనుఁగును నింగ్లీషును. వినునది హైదరాబాదు వీథిలోని మోటారుల రొద. కిటికీలోనుండి కనఁబడునది మాత్రము తేజు నది.

క్రింది యంతస్తున నొక గదిలో నెనుబది యేండ్ల యవ్వ యొంటరిగా నుండెను. ఒకనాఁడు మెట్లమీఁద నన్ను నిలిపి, "అయ్యా, తమరు రొట్టెలు కాల్చు పనివారా?" అని యడిగెను. నాకు వచ్చిన నాలుగు పోర్చుగీసు ముక్కలతోఁ "గాదు" అంటిని. "మఱి వేకువఝామున దీపము వెలిగించువారు రొట్టెలవారొక్కరే గదా" యనెను. నా యుద్యోగ మిండియాలో నున్నదనియు, కంప్యూటరులో నుండి చేయుచున్నాననియుఁ జేతులు త్రిప్పి చెప్పితిని. ఆమె కొంతసే పాలోచించి, "అట్లయినచోఁ దమ రింకను వచ్చి చేరలేదన్నమాట" అని నవ్వుచు లోనికిఁ బోయెను. ఆ మాట నన్నాదినమెల్ల వెంబడించెను. నిజముగా నేనా యూర నుంటినని చెప్పుటకుఁ బాసుపోర్టులోని ముద్ర తప్ప నాయొద్ద నే సాక్ష్యమును లేదు.

ఆ సాక్ష్యము త్వరలోనే కావలసివచ్చినది. ఆరోగ్యకేంద్రమునఁ బేరు వ్రాయించుకొనుటకు, నేనా పేటలో నివసించుచున్నానను ధ్రువపత్రమడిగిరి. దాని నిచ్చునది జుంటా, అనఁగా మన పంచాయతివలెఁ బేట కార్యములు చూచు సభ. అచ్చటి గుమాస్తా మర్యాదగా నొక కాగిత మిచ్చి, "ఈ పేట యోటర్ల జాబితాలోనున్న యిద్దఱు, మీ రిచ్చట నుండుట నిజమని ప్రమాణపూర్వకముగా సంతకములు చేయవలెను" అని చెప్పెను. రాజ్యమువారు వీసా యిచ్చిరి, యజమాని తాళపుఁజెవి యిచ్చెను, బ్యాంకువారు ఖాతా యిచ్చిరి. ఇవి యన్నియు నుండఁగా, నన్నెఱిఁగిన మనుష్యు లిద్దఱు కావలసివచ్చిరి. నేనా యింటఁ జేరి రెండు నెలలైనను నాకట్టివారొక్కరును లేరు.

సిగ్గుతో నవ్వ తలుపు తట్టితిని. ఆమె కండ్లద్దములు పెట్టుకొని కాగితమును రెండుమాఱులు చదివెను. "తమరిక్కడ నుండుట నిజమే. దీపము నేను జూచుచున్నాను" అని సంతకము చేసెను. పిదపఁ గఱ్ఱ యూఁతగాఁ బట్టుకొని, నన్ను వీథిమూలనున్న మంగలియొద్దకుఁ దీసికొనిపోయి, అతనిచేతను సంతకము చేయించెను. తిరిగి వచ్చునపుడు నేను గృతజ్ఞత చెప్పఁగా, "సంతకము చేసితిమి గనుక నిఁకఁ దప్పదు, విజీన్యు" అనెను. విజీన్యు అనఁగాఁ బొరుగువాఁడు. అంతవఱకు "అయ్యా" యని పిలిచినది నాఁటినుండి యా మాటనే వాడెను.

అప్పటినుండి మధ్యాహ్నము పని ముగిసిన తరువాత నామె బజారుసంచి మోయుట నా వంతైనది. ఆమె నాకుఁ బోర్చుగీసు నేర్ప మొదలిడెను. మొదటిదినమున వంటయింట నొక్కొక్క వస్తువును జూపి పేరు చెప్పుచుండఁగా నాకుఁ గలిగిన యాశ్చర్య మింతింత గాదు. బట్టలు పెట్టు బీరువాను జూపి "అర్మారియు" అనెను. అది మన యలమార. నీళ్ళు తోడునది "బాల్ద్". అది మన బాల్చీ. చొక్కా గుండీ "బొతావ్". అది మన బొత్తాము. ఆ దేశపు నావికులు నాలుగైదు శతాబ్దముల క్రిందట మన తీరములకుఁ దెచ్చిన మాటలివి. అనాసపండును దాని పేరును వారు తెచ్చినవే. ఆవకాయ కాధారమైన మిరపకాయయు నమెరికాఖండమునుండి వారి యోడలలోనే మన దేశమునకు వచ్చినది. "మా యింటఁ జిన్నప్పటినుండియు మీ మాటలే పలికితిమి" అని చెప్పఁగా నవ్వ చాల సంతోషించి, తన మంగలి మిత్రునకుఁ బిలిచి చెప్పెను.

సెప్టెంబరు నెలలో నొక సాయంకాలము, ఆమె గదిలో దాదాపు ముప్పదియైదేండ్ల స్త్రీయు, తొమ్మిదేండ్ల బాలుఁడును గూర్చుండియుండిరి. అవ్వ తన కూఁతుననియు మనుమఁడనియుఁ జెప్పెను. కూఁతురు పేటలోనే యొక రొట్టెల దుకాణమునఁ బని చేయును. కాఁపురము మాత్రము నది కావలనున్న బరేరు పట్టణమున. వేకువ పడవమీఁద నది దాఁటి పనికి వచ్చును. పిల్లవాని బడియు నీ పేటలోనే యున్నందున వానిని నిదురకండ్లతోనే వెంటఁ బెట్టుకొని వచ్చును. "అంత దూరమున నేల?" అని తెలివితక్కువగా నడిగితిని. ఎవ్వరును మాటాడలేదు. కొంతసేపటికిఁ బిల్లవాఁడు పైకప్పువైపు వ్రేలు చూపి, "మేము పైన నుండెడివారము" అనెను.

నా గుండె ఝల్లుమనెను. ద్వారబంధముమీఁది గీట్లు కన్నులకుఁ గట్టినవి. తరువాత నవ్వ చెప్పిన వృత్తాంత మిది. కూఁతురా వాటాలో నెనిమిదేండ్లు కాఁపురముండి, నెలకు 420 యూరో లద్దె యిచ్చుచుండెను. 2022 తుదిని ఒడంబడిక గడువు తీఱఁగా యజమాని మరల వ్రాసి యీయలేదు. రంగులు వేయించి, మంచములు బల్లలు పెట్టించి, విదేశీయులకు 1,100 యూరోలకు నిచ్చుటకు నిశ్చయించెను. ఆ విదేశీయుఁడను నేను. అవ్వ యొడంబడిక మిక్కిలి పాతది గావున నామెను గదలింపలేదు.

ఆ రాత్రి నిద్ర రాక లెక్క వేసితిని. ఆమె కూఁతురు జీతము ఆ యేఁటి కనీసవేతనము, 760 యూరోలు. అందు నూటికిఁ బదునొకటి వంతున సాంఘిక భద్రతకుఁ బోఁగా మిగులునది 676 యూరోలు. నేను చవుక యని మిత్రులకు వ్రాసిన యద్దె, ఆమె నెలయంతయుఁ గష్టించి తెచ్చుదానికంటె మిక్కిలి యెక్కువ. నాలుగింతల యాదాయము లేనివాఁడు రాఁగూడదని చట్టమువారు నిర్ణయించినది మంచి యుద్దేశముతోనే. కాని ఆ నిబంధనవలననే, వచ్చిన ప్రతి యతిథియు, ఇంటివారిలోఁ దక్కువ జీతగాండ్ర కంటె నాలుగురెట్లు బలముతో బజారునఁ బ్రవేశించును. కూరలు కొనునపుడు దానివలన నెవరికిని నష్టము లేదు. ఇల్లు వెదకునపుడు మాత్రము ఇద్దఱకు నొక్కటే తలుపు.

ఆ సెప్టెంబరు 30వ తేదీని, ఇండ్ల యద్దెలు భరింపలేకున్నామని లిస్బనులోను ఆ దేశపు మఱి యనేక పట్టణములలోను బ్రజలు వీథులలో నూరేగిరి. అంతకుముందు ఏప్రిలు 1వ తేదీని నట్టి యూరేగింపులే జరిగెనని వింటిని. అద్దెలు పెరుగుటకు నావంటివారొక్కరే కారణము గారు. యాత్రికులకు దినమద్దె కిచ్చు నిండ్లును, చాలినన్ని క్రొత్త యిండ్లు కట్టకపోవుటయు, జీతములు తక్కువగా నుండుటయుఁ గారణములే. ఇది యంతయు నాకుఁ దెలియును. అయినను అవ్వ కూఁతురా యూరేగింపునకు వెళ్ళునపుడు నేను మెట్లమీఁద నెదురుపడి, ఏమి చెప్పవలెనో తోఁపక, ప్రక్కకుఁ దొలఁగి దారి యిచ్చితిని.

ఇట్టి పని నేను లిస్బనులోనే మొదట చేయలేదనియు నపుడే స్ఫురించినది. హైదరాబాదులో గచ్చిబౌలి ప్రాంతమున నేను మొదట నద్దెకు దిగిన యింటను నాకు ముందెవరో యుండిరి. అచ్చటఁ గంప్యూటరు సంస్థలు వచ్చిన పిదప నద్దెలు పెరిగి, చిన్న జీతములవారు దూరముగాఁ దరలిపోయిరి. నేనప్పుడును నడుగలేదు.

మఱునాఁడు యజమానిని గలసికొని, నేను ఖాళీ చేసెదను, పాత కాఁపురస్థులకుఁ బాత యద్దెకే యిత్తురా యని యడిగితిని. ఆయన కఠినుఁడు గాఁడు. తనకు బ్యాంకు ఋణ మున్నదనియు, నేను పోయినచో నింకొక విదేశీయునికి మఱికొంత హెచ్చుగా నిత్తుననియు మృదువుగానే చెప్పెను. ఈ సంగతి నవ్వకుఁ జెప్పి, "ఏమైనను నేనా యింట నుండలేను. వేఱొక యూరికిఁ బోయెదను" అంటిని. ఆమె త్యాగమని మెచ్చుకొనునని లోలోపల నాశ యుండెనేమో! ఆమె మాత్రము కనుబొమలు ముడిచి, "నీవు పోయినచో మా కేమి లాభము? ఆ గది యింకొకఁడు తీసికొనును. వాఁడు నా సంచి మోయునో, లేదో! నీ మనస్సు తేలికపడుట కొఱకుఁ బోవలెనన్నఁ బొమ్ము. మా కొఱకని మాత్రము చెప్పకుము" అనెను. నేను తల వంచుకొంటిని.

అమ్మకు ఫోనుచేసి యంతయుఁ జెప్పితిని. "నీ ప్రశ్నకు జవాబు దొరకినదమ్మా. ముందున్నవారికిఁ గలసిరాలేదు" అంటిని. అమ్మ కొంచెమాగి, "ఆ పిల్లవాఁడు బడి విడిచిన తరువాత నెచ్చట నుండును?" అని యడిగెను. అవ్వ గది యిఱుకు, కూఁతురు పని విడుచువఱకు వాఁడు వీథిలోనే తిరుగుచున్నాఁడని చెప్పితిని. "నీ పని మధ్యాహ్నమునకే యైపోవును గదా" యని మాత్రమనెను. చిన్నప్పుడు మా పాఠములను వంటయింటి గుమ్మమునఁ గూర్చుండి చదివించిన తల్లి యామె. అంతకంటె నామె చెప్పవలసినది లేదు.

అవ్వయు, కూఁతురును సమ్మతించిన పిదప, ఆ యక్టోబరు నెలనుండి బాలుఁడు బడి విడువఁగానే నా వాటాకు వచ్చి, వంటయింటి బల్లయొద్దఁ బాఠములు చదువుకొనసాగెను. తలుపు తెఱచియే యుంచెడివారము. అవ్వ మధ్యమధ్య మెట్లెక్కివచ్చి, సూపుగిన్నెయో రొట్టెముక్కయో పెట్టి పోయెడిది. నేను వానికి లెక్కలు చెప్పెడివాఁడను, వాఁడు నాకు క్రియాపదములు దిద్దెడివాఁడు. నా యుచ్చారణమునకు నవ్వెడివాఁడు. మొదటి దినమున వాఁడు పుస్తకముల సంచి క్రింద పెట్టి, సరాసరి వంటయింటి ద్వారబంధమునొద్దకుఁ బోయి, గీట్లున్నవో లేవో చూచుకొనెను. అవి యున్నవి. మడమలు కఱ్ఱ కానించి, నిక్కక నిలువఁబడి, "పెన్సిలు" అని చేయి చాఁచెను. 2023వ గీటు నాచేత గీయఁబడినది. వాఁడు నాలుగు వ్రేళ్ళెత్తు పెరిగియుండెను.

దీనివలన వారి యిల్లు వారికి రాలేదు. ఇది మఱువరానిది. వాని తల్లి యిప్పటికిని వేకువ పడవ నెక్కుచునే యున్నది. నేను చేసినది గంటయో రెండుగంటలో బల్లమీఁదఁ జోటిచ్చుటయే. అయినను నా రెండేండ్ల యనుమతి గడువు తీఱవచ్చినపుడు, నేనీ దేశమున నుంటినా యను ప్రశ్నకు నాకుఁ గాగితముల యవసరము తోఁపలేదు. మెట్లమీఁద నన్నెల్లరును విజీన్యు అని పిలుచుచుండిరి. వేకువ దీపమును జూచి యెవ్వరును నేనెవ్వఁడనని యడుగుట మానిరి.

ప్రియ విద్యార్థులారా! మీలోఁ బలువురు రేపు హైదరాబాదునకో, బెంగుళూరునకో, సముద్రములు దాఁటియో పోవుదురు. ఇప్పటి కాలమున నుద్యోగమును సంచిలో వైచుకొని పోవుట సాధ్యమైనది. పోవలదని నేను జెప్పను. నేనే పోయినవాఁడను. లోకమును జూచుట మంచిదే. అర్జీలు నింపుటయు, లెక్కలు చూపుటయు మీరు నాకంటె బాగుగా నేర్తురు. కాని ప్రభుత్వమువారి యనుమతి వేఱు, పొరుగువారి యంగీకారము వేఱు. మొదటిదానికి జీతపుఁ జీట్లు చాలును. రెండవదానికి వారి భాష నేర్చికొనవలెను, వారి బరువులో నొక కొస పట్టుకొనవలెను, మనవలన వారికిఁ గలిగిన యిబ్బందిని వినుటకుఁ జెవి యొగ్గవలెను. మన జీతము వారి జీతమునకు నాలుగింతలైనపుడు, ఆ చెవి మఱి కొంచెము పెద్దదిగా నుండుట మేలు.

ఏ యూరనైన నద్దెయిల్లు చూచునపుడు మీ యింటి పెద్దలు "ముందెవరుండిరి?" అని యడిగినచో, అది మూఢవిశ్వాసమని నావలె నవ్వకుఁడు. అడిగి తెలిసికొనుఁడు. జవాబు కష్టముగా నున్నను దెలిసికొనుఁడు.

ద్వారబంధముమీఁద 2024వ గీటును, 2025వ గీటును జేరినవి. తుది గీటు నా భుజము దాఁటినది. 

— ఒక పూర్వ విద్యార్థి